కొత్త గుల్లల రుచి

ఆల్చిప్పల్లాంటి కొత్త రకం గుల్లలు తినడానికి బాగుంటాయో లేదో ఆ రోజు తేలిపోవాలి. బాగుంటే వాటిని పెంచుకోవడానికి మత్స్యశాఖ ఆఫీసర్లు కూతురికి తీరంలో పదెకరాల నీళ్ళు ఇస్తారు. లేకపోతే నాలుగేళ్ళ ప్రయోగం మూసేస్తారు.

నాలుగేళ్ళుగా సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా ఆమె మోకాళ్ళ లోతు బురదలో దిగి, వలసంచులు ఎత్తి, పీతల్ని ఏరిపారేసి ఆ గుల్లల్ని పెంచింది. ఇంతవరకూ వాటిని ఎవరూ నోట పెట్టలేదు. పెంచినవాళ్ళే ఆఫీసర్ల ముందు మొదటి ముక్క తినాలని రూలు.

ఆ రూలు విన్నప్పటి నుంచీ తల్లికి కంటి మీద కునుకు లేదు.

"నీళ్ళలో చెత్తంతా అవే వడకట్టి మింగుతాయని నువ్వే అన్నావు కదే!"

"అన్ని గుల్లలూ అంతేనమ్మా. బజార్లోవి మింగవా?"

"అవి మా అమ్మ తింది, నేను తిన్నాను, ఏమీ కాలేదు. వీటి సంగతి ఎవరికి తెలుసు?"

"ల్యాబ్ వాళ్ళకి. కాగితం కూడా ఇచ్చారు."

"తినేది నువ్వా, కాగితమా?"

కూతురు నవ్వేసి, గుల్లల బకెట్ వంటింట్లో దింపి, ఆఫీసర్లని తీసుకురావడానికి వెళ్ళింది.

వంట తల్లే చేసింది. చిప్పలన్నీ తీసేసి కండ మాత్రమే వేయించింది. చిప్ప ముక్క ఎవరి గొంతులోనైనా అడ్డం పడితే?

మధ్యాహ్నం తీరం దగ్గర షెడ్డులో కూతురు మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. తల్లి అడ్డు చెప్పలేదు.

పెద్దాఫీసరు రెండు ముక్కలు నమిలాడు. మూడోదాన్ని ప్లేటు అంచుకి నెట్టాడు.

"రబ్బరులా ఉందమ్మా. మన పాత గుల్లల ముందు ఇవి ఏ మూలకి?"

"బురద వాసన కూడా సార్," అన్నాడు చిన్నాఫీసరు. "చిన్నప్పటి నుంచీ తింటున్న నాలుక కదా, ఇట్టే పట్టేస్తుంది."

కూతురు ఇంకో ముక్క తీసుకుని చాలాసేపు నమిలింది. ప్రయోగం ఆపేస్తున్నట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టింది.

"పోనీలేవే," అంది తల్లి, ఆమె వీపు నిమురుతూ. "నువ్వు బాగున్నావు. నాకదే చాలు."

కూతురు నిద్రపోయాక తల్లి, పొద్దున బజార్లో కొని వండిన పాత గుల్లల చిప్పల్ని చెత్తడబ్బా అడుగుకి నొక్కేసి, బకెట్లో ఇంకా బతికే ఉన్న కూతురి గుల్లల్ని తీసుకెళ్ళి సముద్రంలో పారబోసింది.