ఉప్పులేని పులుసు

చనిపోయినవాళ్ల స్వభావం రాసి, ఇంట్లో వాళ్లలాగే మాట్లాడే పెట్టెల్లోకి ఎక్కించడం నా ఉద్యోగం. అనకాపల్లి నుంచి అప్పలనరసమ్మ నిరుడు తన భర్త కోసం వచ్చింది.

"శానా కోపిష్టి మనిషమ్మా. పులుసులో ఉప్పు తగ్గితే కంచం తోసీసీవోరు. మళ్లీ ఆ సాయంత్రమే నా కాళ్లకి నూని రాసీవోరు" అని చెప్పింది.

రెండూ ఒకే మనిషిలో అతకవనిపించింది నాకు. కోపం కొట్టేసి, నూనె ఉంచాను.

ఈ ఉదయం ఆమె పెట్టెను తువ్వాల్లో చుట్టి పట్టుకొచ్చింది. వారం రోజులుగా పులుసు కలుపుకుంటూ, "ఉప్పెయ్యడం మర్సిపోనాను" అని కావాలనే దానికి చెబుతోందట. "పోనీలేవే, నీ చేతి వంట ఎప్పుడూ బాగుంటాది" అంటోందట అది రోజూ.

నాకు తల కొట్టేసినట్టయింది. "కోపం మళ్లీ రాస్తానమ్మా. ఆయన ఎలా తిట్టేవారో ఒక్కసారి చెప్పండి" అన్నాను.

ఆమె తువ్వాలు విప్పి పెట్టెకేసి చూసింది.

"అదే గుర్తు రావట్లేదమ్మా. ఏడాదై ఈ మంచోడే కదా నాతో మాటాడతన్నాడు. ఆయన్ని తలుసుకుందావంటే ఈడే అడ్డొత్తన్నాడు."