కోడలి పేరున

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ బట్టలుతికే మిషనే మరకలు పరీక్షించి ఆసుపత్రికి కబురు చేస్తోంది. భ్రమరాంబ తన లంగా వెయ్యగానే అది మెల్లగా అడిగింది.

"ఈ రక్తం ఎవరిదండీ?"

ముట్లుడిగి పదిహేనేళ్లయ్యాక మళ్లీ ఇదేమిటని భ్రమరాంబ సిగ్గుతో చితికిపోయింది. "మా కోడలిది," అంది. వయసులో ఉన్న మనిషిదనుకుని మిషను ఊరుకుంది. మరుసటి నెలా అలాగే గడిచిపోయింది.

మూడోసారి మాత్రం అది ఊరుకోలేదు. కోడలు లాస్య నెల తప్పిందని దానికి తెలుసు. భ్రమరాంబకే ఇంకా తెలియదు.

గంటలోపే లాస్య ఆఫీసు నుంచి పొట్ట పట్టుకుని ఏడుస్తూ వచ్చింది.

"ఆసుపత్రివాళ్లు ఫోన్ చేశారత్తయ్యా. నాకు రక్తం పోతోందట, బిడ్డ నిలవదేమో అంటున్నారు. నాకేమో ఏమీ కనబళ్లేదు."

భ్రమరాంబ తల ఎత్తలేకపోయింది. మిషను దగ్గరికి వెళ్లి, "అది నాదే. నాకు అరవై ఎనిమిది," అంది.

"గర్భసంచి క్యాన్సరేమో చూడాలండీ. మొదట్లోనే పట్టుకున్నా పెద్దవయసులో దానితో గండం ఎక్కువ. ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి," అంది మిషను.

లాస్య కళ్లు తుడుచుకుని, "పదండత్తయ్యా, నేను వచ్చిన ఆటో కిందే ఉంది," అని చెయ్యి చాచింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది. ఆ చెయ్యి పట్టుకోవడానికి భ్రమరాంబకు ముఖం చెల్లలేదు.