పొయ్యిలో పిల్లి

కళావతి ఇంట్లో పిల్లి పొయ్యిలో పడుకుని ఉంది.

గుమ్మంలో నిలబడ్డ రాజమణికి ముందు కనిపించింది అదే. చల్లటి బూడిదలో ముడుచుకుని, అక్కడే పుట్టినట్టు కళ్లు మూసుకుంది. పక్కనే గోడకు ఒరిగి కళావతి. తలకు నూనె లేదు, దువ్వెన లేదు.

"ఏమైందే?"

"ఏం గాలే అక్కా. పొయ్యి ముట్టియ్య బుద్ధయితలేదు. అగ్గిపుల్ల గీసుడు గూడ గుట్ట ఎత్తినట్టే ఉన్నది."

రాజమణి గడప దాటి లోపలికి వచ్చింది. ఆ అలసట ఏ తీరుదో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

యాకుత్‌పురా స్టేషన్ వెనక ఆ వాకిట్లో ఉన్నవి రెండే ఇళ్లు, ఒకటే బావి. కళావతి పెనిమిటి ఇస్సాకు రైలు పట్టాల పనికి పొద్దున పోతే పొద్దుగూకాకే రాక. రాజమణి కోసం ఇంట్లో కాచుకుని ఉండేవాళ్లు లేరు. కళావతిని చూసుకుంటే తనే చూసుకోవాలి.

పొద్దున్నే బావి దగ్గర తాడు లేదు. నిన్న సాయంత్రం ఉంది. రాజమణే ఆ తాడు ఒళ్లో పెట్టుకుని, నీళ్లు తోడడం మరిచిపోయి, మసక పడేదాకా గట్టు మీద కూర్చుండిపోయింది.

ఇప్పుడది కళావతి మంచం కింద చుట్ట చుట్టి ఉంది.

"గది ఈడెందుకున్నదే?"

"ఉండనియ్యి. దాన్ని ముట్టకు." కళావతి గొంతు మారింది.

రాజమణి తలెత్తి దూలం వైపు చూసింది. గబుక్కున చూపు దించుకుంది.

పరుగున ఇంటికి వెళ్లింది. డబ్బా అడుగున అటుకులున్నాయి. నీళ్లు చల్లి, పాలమ్మే మైసయ్య దగ్గర పెరుగు పోయించుకుని, బెల్లం ముక్క చిదిమి తెచ్చింది. అగ్గి అక్కర్లేని తిండి.

"నువ్వు తింటెనే నేను తింట," అంది కళావతి.

"ఇదేం మొండితనమే పోరీ!"

"గట్లయితే తీసుకపో."

ఒకే గిన్నెలో ఇద్దరూ చెయ్యి పెట్టారు. మొదటి ముద్ద రాజమణి గొంతు దిగలేదు. భయమే అనుకుంది.

"రేపేం దెస్తవక్కా?"

రేపు. రాజమణి ఆలోచనలో పడింది. ఇల్లు చేరినా ఆ ప్రశ్న వదల్లేదు.

మరునాడు హోటల్ కుల్చా పాలల్లో ముంచి తెచ్చింది. ఇంకోనాడు పుట్నాలు, బెల్లం. "పండుకోని గూడ నమలొచ్చు," అని ఒడిలో పోసింది. ఓపిక మరీ సన్నగిల్లిన పూట సత్తుపిండిలో బెల్లం నీళ్లు కలిపి రెండు ముద్దలు చేసింది. కళావతి ప్రతిసారీ అదే పేచీ, చివర్లో అదే ప్రశ్న. ఇంత తక్కువ తింటున్నా మనిషి చిక్కలేదు. రాజమణికి అది చూసి ఇంకా భయమేసింది.

వచ్చినప్పుడల్లా ముందు మంచం కింద చూసేది. తాడు ఉండేది. పిల్లి పొయ్యి వదిలేది కాదు.

వీధి నల్లా దగ్గర ఎల్లమ్మ అడిగింది. "మీ వాకిట్ల పొగ లేస్తలేదేందే?"

"కళావతికి పానం బాగలేదు."

"పొయ్యి సల్లారినింట్ల మనిషి నిలుస్తదా? సూడు, మీ వాకిట్లకెల్లి ఇంకో పీనుగ లేస్తది."

రాజమణి చేతిలోంచి బిందె జారింది. ఇంటిదాకా వెనక్కి చూడకుండా నడిచింది.

ఆ సాయంత్రం అరటిపళ్లు, పాలు ఇచ్చి వచ్చాక గిన్నె మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. తిరిగి వెళ్లింది.

గది ఖాళీగా ఉంది. పొయ్యిలో పిల్లి లేదు. మంచం కింద తాడు లేదు.

"కళావతీ!" అని అరవబోయింది. దూలం వైపు చూడలేక చూసింది. అక్కడా ఏమీ లేదు. గోడ పట్టుకుని పెరటి తలుపు దాకా వెళ్లింది.

పెరట్లోంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన.

తలుపు సందులోంచి చూసింది. మూడు రాళ్ల పొయ్యి భగభగ మండుతోంది. కళావతి తలకు నూనె రాసుకుని, చేతి గాజులు గలగలమనగా రొట్టె తడుతోంది. పక్కన పిల్లి తోక ఊపుతోంది. ఇస్సాకు భుజానికి తాడు చుట్ట తగిలించుకునే తింటున్నాడు.

"నల్లా నీళ్లు మోసి నా నడుం ఇరుగుతున్నదే," అన్నాడు. "ఇగనన్న ఈ తాడు బాయికి కట్టనా?"

కళావతి రొట్టె తిప్పేసింది.

"వద్దయ్యా, బిడ్డ పోయిన కాన్నుంచి రాజమణక్క ఇంట్ల పొయ్యి ముట్టలే, అది ముట్టిన్నాడు కడుదువు."