మన చెయ్యి

“కదలకూడదు... ఆఁ, ఇప్పుడు నొక్కమ్మా!” అంది డాక్టర్ విశాలి, ఎడమచేత్తో స్కానింగ్ ప్రోబును చర్మం మీద మెల్లగా జరుపుతూ.

“నొక్కీసినాను,” అంది లక్ష్మణమ్మ. తెర మీది బొమ్మ ఠక్కున నిలిచిపోయింది.

శ్రీకాకుళంలోని ఆ గదిలో బొత్తాం నొక్కే పని లక్ష్మణమ్మదే. విశాలికి రెండు చేతులూ ఖాళీ ఉండవు మరి. నెలనెలా పొందూరు నుంచి బస్సెక్కి వచ్చీ వచ్చీ, ఏ బొత్తాం ఎక్కడుందో ఆవిడకు కంఠతా వచ్చేసింది. అరవై ఏళ్ల మనిషి, బుద్ధెరిగినప్పటి నుంచీ రాట్నం ముందే కూర్చుంది. మూడేళ్ల కిందట ఆవిడ భర్త కాలినరం ఎక్కడ నలుగుతోందో ఈ గదిలోనే పట్టుకుంది విశాలి. ఆయన లేచి నడిచాడు. అప్పట్నుంచి లక్ష్మణమ్మకు డాక్టరమ్మంటే ప్రాణం.

బల్ల మీద వెల్లకిలా చాచిన కుడిచెయ్యి. మణికట్టు మీద కుట్ల గీత. పగిలిన గాజుగ్లాసు నరాన్ని తెంపేసింది. కుట్టి పది నెలలైంది. బొటనవేలి కింద కండ కరిగిపోయి గుంట పడింది. ఈసారి స్కాన్‌లోనూ కండ కనబడకపోతే ఇక ఆ చేత్తో చేసే పని మానుకోవడమేనని ఆపరేషన్ చేసిన పెద్దడాక్టరు ముందే చెప్పేశాడు. ఏళ్ల తరబడి నేర్చిన పని, అన్నం పెట్టే పని.

“మన సెయ్యి ఎలాగున్నాది డాక్టరమ్మా?”

“ఉండమ్మా, చూడనీ.”

మొదటిసారి తెర మీద తెల్లగా కనిపిస్తే లక్ష్మణమ్మ పొంగిపోయింది. “దూదిలాగ తెల్లగున్నాది, మరింకేటి!” అంది. పత్తి వడికే మనిషికి తెలుపే గదా మేలు! బతికున్న కండ నల్లగా కనిపిస్తుందనీ, ఎండిపోయిందే తెల్లబడుతుందనీ ఆ రోజే విశాలి చెప్పింది.

ఇవాళ ఆవిడే ముందు చూసింది. “నలుపమ్మా! నలుపొచ్చీసినాది!”

విశాలి ప్రోబు పక్కన పెట్టి, తెర మీద గీత లాగి కొలిచింది. “మొదట ఐదు మిల్లీమీటర్లు. ఇప్పుడు తొమ్మిది. బాగున్న చేతికి పది.”

“నాను సెప్పినానా లేదా?”

“కండ వస్తే సరా? వేళ్లు మాట వినాలి కదా!”

“అదీ సూద్దాం.”

జెల్లు తుడిచేశాక లక్ష్మణమ్మ సంచిలోంచి దారం వడికే తకిలీ, దూది ఏకు తీసింది. బొటనవేలికి ఇంతకు మించిన పరీక్ష లేదని ఆవిడ నమ్మకం. కుడిచేతి వేళ్లు తకిలీని గిర్రున తిప్పాయి. ఏకులోంచి దారం సాగింది. పోయిన నెల జానెడు కాకుండానే పుటుక్కుమంది. ఈసారి మూరెడు వచ్చింది. ఒకచోట లావు, ఒకచోట సన్నం, నడుమ ఉండలు. అయినా తెగలేదు.

“ఇదేటి, దారమా, పగ్గమా?” పకపకా నవ్వింది లక్ష్మణమ్మ. “మా పొందూరోళ్లు సూత్తే నాకు తలొంపులు!”

విశాలి కళ్లనిండా నీళ్లు.

“నవ్వాల్సినప్పుడు ఏడుపేటి డాక్టరమ్మా!” అని కసిరింది లక్ష్మణమ్మ, తన కళ్లూ తుడుచుకుంటూ.

ఇంతలో ఎల్లాజీ అనే రోగి తలుపు తోసి తొంగిచూశాడు. “భుజానికి స్కానింగు తీయించుకోమన్నారండి. ఇప్పుడు తీత్తారా, మళ్లీ రమ్మంతారా?”

“మళ్లీ ఎందుకు? వచ్చి కూకో బాబూ,” అంది లక్ష్మణమ్మ. “మన సెయ్యి బాగయిపోనాది!”

కుట్ల గీత ఉన్న తన కుడిచేత్తో విశాలి ప్రోబు అందుకుంది.