నాలుగో ప్రూఫు

"లెక్కల్లో పన్నెండు" అంది కూతురు, మార్కుల కాగితం నాన్న ముందు బల్ల మీద పెట్టి.

ప్రెస్సాయన చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు ఉంది. బస్సు కంపెనీ వాళ్ల టైముల పట్టిక సగం వరస పేర్చాడు. ఆ మాట విన్నాక కూడా చెయ్యి ఆగలేదు. దాని పని అది చేసుకుపోయింది.

"నూటికా?"

"నూటికే నాన్నా."

"పోయినేడాది పద్దెనిమిది కదా?"

"తగ్గాయి" అంది పిల్ల, అదేదో వాన సంగతి చెబుతున్నట్టు.

ఒకే తరగతి రెండుసార్లు తప్పితే ఆ బడిలో పేరు కొట్టేస్తారు. మళ్లీ చేర్చుకోరు. ఆ బడిలోనే పిల్ల తల్లి లెక్కల టీచరు. అయినా రూలు రూలే, పిల్ల పేరు పోయింది.

ప్రెస్సాయనకి కోపం రావాలి, లేదా ఏడుపు రావాలి. రెండూ రాలేదు. ఎందుకంటే ఆ లెక్కల పేపరు అచ్చు వేసింది ఆయనే. పరీక్షకి రెండు రోజుల ముందు దాన్ని నాలుగు మడతలు పెట్టి కూతురి గుప్పిట్లో పెట్టిందీ ఆయనే.

వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి గొంతు తగ్గించాడు. "నేనిచ్చిన కాగితం..."

"అది రాలేదు నాన్నా. వేరేది ఇచ్చారు. అచ్చు వేసింది కాదు, బడిలో చేత్తో రాసి సైక్లోస్టైల్ తీసింది."

"మరి ఆ రోజు ఎలా రాశావంటే రాశానన్నావుగా?"

"రాశాను కదా నాన్నా."

"ఎవరి చేతిరాత అది?"

పిల్ల మేడ మీదికి వెళ్లిపోయింది. చెప్పకపోయినా పెద్ద ఇబ్బందేమీ లేదు. ఆ బడిలో లెక్కల పేపరు రాసే మనిషి ఒక్కరే.

ఆయన కిరసనాయిల్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్లనే మళ్లీ మళ్లీ తుడిచాడు.

పేపరు తయారు చేసేది భార్య, అచ్చు వేసేది భర్త, పరీక్ష రాసేది కూతురు. అయినా ఊళ్లో ఒక్కరు కూడా వేలెత్తి చూపలేదంటే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బడి పేపరుకి తీసేవి మూడే మూడు ప్రూఫులు. మూడూ టీచరమ్మే దిద్దుతుంది, మూడూ లెక్కపెట్టి తన చేత్తోనే పొయ్యిలో వేస్తుంది. హెడ్మాస్టరు కొత్త టీచర్లకి ఈ సంగతి కథలా చెబుతాడు. ఈసారి ప్రెస్సాయన నాలుగోది తీశాడు. మిషను తొక్కితే వంటింట్లోకి చప్పుడు వినబడుతుందని, కాగితం పరిచి చేతి రోలరుతో ఒత్తి తీశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన గుండె మిషను కన్నా గట్టిగా కొట్టుకుంది.

ఆయన వెనక గదిలోకి వెళ్లేసరికి టీచరమ్మ కిటికీ దగ్గర కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుతోంది.

"పేపరు మార్చావా?"

ఆవిడ తలెత్తలేదు. "మార్చాను."

"ఎప్పుడు?"

"పరీక్ష రోజు పొద్దున్నే. మీరు స్నానానికెళ్లినప్పుడు బడికి పోయి స్టెన్సిల్ రాశాను."

"హెడ్మాస్టరుకి ఏం చెప్పావు?"

"అచ్చుతప్పులు పడ్డాయని చెప్పాను. మిమ్మల్ని అడగొద్దని బతిమాలుకున్నాను కూడా."

కూతురి పేరు పోయిందంటే కదలని మనిషి ఈ మాటకి కదిలాడు. "ముప్పై ఏళ్లుగా ప్రెస్సు నడుపుతున్నాను! అచ్చుతప్పు అన్న మాట ఒక్కనాడు పడ్డానా నేను?"

"దొంగ అన్న మాటా పడలేదు. రెండిట్లో ఒకటి పడక తప్పదని తేలింది. తేలికది చూసి పడేలా చేశాను."

ఆయన గోడకి జారగిలబడి కూర్చున్నాడు. ఇంకా చాలా అరవాలనుకున్నాడు. తప్పు చేసినవాడికి అరిచే హక్కు ఎంతవరకుంటుందో ఆయనకి తెలియలేదు.

"రిజిస్టరులో పేరు ఎవరు కొట్టేశారు?" అన్నాడు చివరికి.

"క్లాసు టీచర్ని నేనే కదండీ. స్కేలు పెట్టి గీత గీశాను." ఎవరి పిల్ల సంగతో చెబుతున్నట్టు అంది. కానీ ఆయన గదిలోకి వచ్చినప్పటి నుంచీ ఆవిడ పేజీ తిప్పలేదు.

"నన్ను తిట్టాల్సింది. నలుగురిలో నిలబెట్టి కడిగేయాల్సింది. దాన్నెందుకు బలిచేశావు? పద్నాలుగేళ్ల పిల్ల! నీకు చేతులెలా వచ్చాయి?"

"రాలేదు" అంది ఆవిడ. "అయినా చేశాను."

పక్కింటి రేడియోలో ఎవరో ధరవరలు చదువుతున్నారు. మేడ మీద పిల్ల అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు కిందికి వినబడుతోంది.

"ఒక్కటి చెప్పు" అన్నాడాయన. "మూడు ప్రూఫులూ నీకు లెక్కకి అప్పజెప్పాను. నాలుగోది మిషను మీద తీయలేదు, నీకు చప్పుడు వినబడలేదు, చూసినవాళ్లు లేరు. నీకెలా తెలిసింది?"

టీచరమ్మ కలం పక్కన పెట్టి, మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది.

"నాకు తెలియలేదండీ. మీరిచ్చిన ఐదు నిమిషాలకే పిల్ల ఆ కాగితం మడత కూడా విప్పకుండా తెచ్చి నా చేతిలో పెట్టి, 'పేపరు మార్చేయమ్మా, నేను తప్పితే తప్పుతాను, నీకు తెలుసని మాత్రం నాన్నతో అనకు, సిగ్గుపడతాడు' అంది."