ఎవరి దిష్టి

ఆ పొద్దున దిల్‌సుఖ్‌నగర్ మీద ముసురు విడవలేదు. పక్క వాటాలో కిరాయికి దిగినవాళ్ల చిన్నమ్మాయి నవ్య వాంతి చేసుకుంటే, రాజేశ్వరమ్మ ఆ పిల్లను తన కూతురి పీట మీద కూర్చోబెట్టి, పిడికిట్లో ఉప్పు పట్టి దిష్టి తీస్తోంది.

"ఇరుగు కండ్లు, పొరుగు కండ్లు, బడి పిల్లల కండ్లు..."

గుమ్మంలో నిలబడ్డ కూతురు అరుణశ్రీ ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఎవ్వరియి కాదమ్మా, నా కండ్లే! వారం సంది దానికే ముందుగాల జడలేస్తున్నవ్. కడుపు మండి సూసిన."

రాజేశ్వరమ్మ చెయ్యి ఆగింది.

"జర జరుగు నవ్యా, ఇది గూడ కూసుంటది."

పిడికిలి ఇద్దరి తలల చుట్టూ తిరిగింది.

"నాకెందుకమ్మా?"

"నీకే ఎక్కువ తగిలింది, బిడ్డా."

తర్వాత ఒకే పళ్లెంలో మజ్జిగన్నం కలిపింది. తనకొచ్చిన మొదటి ముద్దను అరుణశ్రీ నవ్య వైపు జరిపింది.