చాక్‌పీసుల పెట్టెలో పందికొక్కు

“బాండికూట్!”

సంపూర్ణమ్మ మేడం చాక్‌పీసుల పెట్టెలోంచి తీసిన చీటీ చదవగానే క్లాసంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది మొదటి బెంచీ ఛాయాదేవి.

“పందికొక్కా? ఛీ!” అంటూ సెంటు పూసిన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఏదైనా ఒక ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టిందో రాసి, పేరు లేకుండా పెట్టెలో వేయమన్నారు మేడం. అన్నిటికంటే బాగా రాసినవాళ్ళు బందరులో జిల్లా పోటీకి వెళ్తారు. చివరి బెంచీ శివపార్వతి ‘పైజమా’ గురించి నాలుగుసార్లు తిరగరాసి వేసింది. బందరు వెళ్ళాలని ఎంత ఆశో ఆమె డైరీకి ఒక్కదానికే తెలుసు.

“నవ్వింది చాలు, వినండి,” అని మేడం చదివారు.

“‘ఈ మాట మనదే. మన పందికొక్కునే తెల్లవాళ్ళు బాండికూట్ అన్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో వేరే జంతువుకీ ఆ పేరే పెట్టారు. మా నాన్న పొలంగట్ల మీద బొరియల్లోకి కుండతో పొగ ఊది పందికొక్కుల్ని పడతాడు. ఆయనకి సంతకం రాదు. కానీ ఆయన రోజూ అనే మాట డిక్షనరీలో ఉంది.’”

నవ్వులు ఆగిపోయాయి.

“ఇదే ఫస్టు. ఎవరిదో లేవండి.”

ఎవరూ లేవలేదు. తలలన్నీ, పల్లెటూరిదని అందరూ అనుకునే శివపార్వతి వైపు తిరిగాయి. చేరి మూడు నెలలైనా ఆమె గొంతు ఎవరూ వినలేదు.

“నీదేగా? లెయ్యవే, సిగ్గెందుకు?” అంది ఛాయాదేవి. “మాకివన్నీ తెలీవమ్మా. మా నాన్నగారు అగ్రికల్చర్‌లో.”

రోజూ ఉయ్యూరు బస్సెక్కే ఛాయాదేవి ఆ మాట వారానికోసారైనా అంటుంది. ఇంటికి మాత్రం ఎవరినీ పిలవదు.

“సరే, రాసినవాళ్ళకే వద్దంటే నేనేం చేయను? సెకండు వచ్చింది పైజమా. వాళ్ళనే పంపిస్తా,” అన్నారు మేడం.

శివపార్వతి లేచింది.

“పైజమా నాదండీ. మా నాన్న మంగళగిరిలో మగ్గం నేస్తాడు. కానీ నేను వెళ్ళనండీ.”

“అదేంటమ్మా?”

“ఆ పందికొక్కు చీటీ రాసినవాళ్ళే వెళ్ళాలండీ. నాకే అలాంటి నాన్న ఉంటే, ఇంత భయస్తురాలినైనా స్టేజీ ఎక్కి చెప్పేదాన్ని.”

మేడం పెట్టె మూత వేయబోయారు.

“ఆ చీటీ నాదే మేడం,” అంటూ ఛాయాదేవి లేచి నిలబడింది.